చక్రం వణికిందా? బిగుసుకోకండి

చిన్న ఎలక్ట్రిక్ యూనిసైకిల్ నడిపేవాళ్లు, అందులోనూ కొని రెండు మూడు నెలలే అయినవాళ్లు, ఈ సాయంత్రం రోడ్డెక్కేముందే ఇది చదవాలి. ఎక్కాక గుర్తు చేసుకుందామంటే కుదరదు. మంచి రోడ్డు మీద, ఎదురుగా ఎవరూ లేనిచోట, బండి హాయిగా పోతుండగా ఉన్నట్టుండి కాళ్ల కింద చక్రం అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. మొదటి రెండు ఊపులకి రోడ్డు బాగాలేదేమో అనిపిస్తుంది. మూడో ఊపుకి రోడ్డుది తప్పు కాదని తెలుస్తుంది. ఐదో ఊపుకి పాదాలు పెడళ్ల మీద నిలవవు. ఇదంతా జరగడానికి పట్టే సమయం ఒక వాక్యం చదివినంత కూడా ఉండదు.

దీన్నే రైడర్లు వాబుల్ అంటారు. వాబుల్ వచ్చినవాళ్లందరూ పడిపోరు. పడేవాళ్లు చాలావరకు ఆ క్షణాన ఒంటికి సహజంగా తోచిన పని చేసి పడతారు. భయం వేస్తే కాళ్లు బిగుసుకుంటాయి, నడుము వెనక్కి లాగుతుంది. నేల మీద పరిగెత్తేవాణ్ణి ఆ భయం కాపాడుతుందేమో గానీ, ఈ బండి మీద నిలబడ్డవాణ్ణి అదే పడగొడుతుంది. అందుకే ఈ హెచ్చరిక. ఆ క్షణంలో ఏం చేయాలో బుర్రకి తెలిస్తే చాలదు, కాళ్లకి తెలియాలి. కాళ్లకి తెలిసేదాకా వేగం జోలికి పోకూడదు.

ఈ బండిని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకటే చక్రం, దాన్ని కప్పుతూ ఒక పెట్టె, ఇరువైపులా మడతపడే పెడళ్లు. హ్యాండిల్ లేదు, సీటు లేదు, చేతితో పట్టే బ్రేకు లేదు. లోపలి సెన్సర్లు మనిషి ఎటు వాలాడో కనిపెడతాయి, మోటారు ఆ వైపు చక్రాన్ని తిప్పి అతను పడకుండా చూస్తుంది. ముందుకి వాలితే వేగం, వెనక్కి వాలితే బ్రేకు. మోటారు కాపలా ముందూ వెనకలకే. పక్కలకి ఊగకుండా చూసుకోవలసింది నిలబడ్డ మనిషే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కేమస్ పట్టణానికి చెందిన షేన్ చెన్ సోలోవీల్ పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చి పదేళ్లు దాటింది. ఆ తర్వాత నైన్‌బాట్, ఇన్‌మోషన్, కింగ్‌సాంగ్, గాట్‌వే లాంటి చైనా కంపెనీలు చవకగా, రకరకాల సైజుల్లో దింపాయి. మన మాట ఇక్కడ చిన్న బళ్ల గురించే. అంటే చక్రం 10 నుంచి 16 అంగుళాలు, బరువు పది పదిహేను కిలోలు ఉండేవి. చేత్తో ఎత్తి లిఫ్టులో పెట్టుకోవచ్చు, ఆఫీసులో టేబుల్ కింద తోసేయొచ్చు. కొత్తవాళ్లు కొనేది ఎక్కువగా ఇవే. వాబుల్‌కి సులువుగా దొరికేవీ ఇవే.

ఎందుకంటే ఈ వణుకులో సగం బండిది, సగం మనిషిది. పైన అరవై డెబ్భై కిలోల మనిషి, కింద పన్నెండు కిలోల బండి, మధ్యలో రెండు కాళ్లు. చిన్న గులకరాయి తగిలో, పక్కనుంచి బస్సు దూసుకుపోయిన గాలికో చక్రం కాస్త ఎడమకి తిరిగిందనుకోండి. దాన్ని సరిచేయడానికి పాదం నొక్కుతుంది. మనిషి ఒళ్లు అలా స్పందించడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. ఆలోపు చక్రం తనంతట తానే మధ్యకి వచ్చేస్తుంది. అంటే మీ దిద్దుబాటు ఆలస్యంగా, అక్కర్లేని సమయానికి చేరి చక్రాన్ని అవతలి వైపు నెడుతుంది. దాన్ని దిద్దబోతే మళ్లీ ఇవతలికి. ప్రతి దిద్దుబాటూ ఊపుని ఇంకాస్త పెంచుతుంది. కాళ్లు ఎంత బిగిస్తే ఇది అంత జోరుగా సాగుతుంది. తంబూరా తీగ బిగిస్తేనే కదా మోగేది, వదులు చేస్తే మోగదు. వేగంగా పోయే మోటార్‌సైకిళ్లకి ఇలాంటి వణుకు రాకుండా హ్యాండిల్ దగ్గర స్టీరింగ్ డాంపర్ బిగిస్తారు. ఇక్కడ బిగించడానికి హ్యాండిలే లేదు కాబట్టి ఆ పని మోకాళ్లు చేయాలి.

చిన్న చక్రానికి ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. తిరిగే చక్రం తన దిశ మార్చడానికి ఒప్పుకోదు, ఆ మొండితనమే బండిని నిలకడగా ఉంచుతుంది. చక్రం పెద్దదై, అంచు బరువెక్కినకొద్దీ ఆ మొండితనం పెరుగుతుంది. పద్నాలుగు అంగుళాల చక్రానికి అది తక్కువ, పది అంగుళాలదానికి మరీ తక్కువ. సందుల్లో, జనంలో ఇట్టే మలుపు తిరుగుతుందని మెచ్చుకుని కొన్న గుణమే 25 కిలోమీటర్ల వేగం దగ్గర ఎదురు తిరుగుతుంది. రెండోది పెట్టె ఎత్తు. పెద్ద బళ్ల పెట్టె మోకాలి దాకా వస్తుంది, పిక్క మొత్తం దానికి ఆని నిలుస్తుంది. చిన్నదాని పెట్టె పిక్క సగానికి వచ్చి ఆగిపోతుంది. వణుకుని పట్టి ఆపడానికి కాలికి దొరికే జాగా అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. వాబుల్ వచ్చినప్పుడు ఏం చేయాలని అడిగితే రెండు సలహాలు వినబడతాయి. గట్టిగా బ్రేకు కొట్టమంటారు కొందరు. కాస్త వేగం పెంచితే వణుకు పోతుందంటారు మరికొందరు. చిన్న బండి మీద రెండూ ప్రమాదమే. వెనక్కి వాలి బ్రేకు కొడుతున్నప్పుడు బరువు మడమల మీదికి పోతుంది, మోకాళ్లు నిటారుగా బిగుస్తాయి. వాబుల్‌కి కావలసింది సరిగ్గా అదే. మామూలుగా పోతున్నంతసేపూ రాని వణుకు బ్రేకు వేయగానే రావడం రైడర్లందరికీ తెలిసిన సంగతే. ఇక ముందుకి వాలి వేగం పెంచారనుకోండి. చిన్న బండి మోటారుకి బలం తక్కువ. తన హద్దు దగ్గరపడితే ముందు బీప్ మంటుంది, తర్వాత పెడళ్లని వెనక్కి ఎత్తి మిమ్మల్ని నెమ్మది చేయాలని చూస్తుంది. వినకుండా ఇంకా వాలితే మోటారు మీ బరువుని మోయలేక చేతులెత్తేస్తుంది, దీన్నే కటౌట్ అంటారు. పెడళ్లు ముందుకి కూలుతాయి, మనిషి మొహం మీద పడతాడు. బ్యాటరీ సగానికి తగ్గాక, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో, మనిషి బరువైనవాడైనప్పుడు ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది. పెద్ద బండి నడిపే మిత్రుడు వేగం పెంచి బయటపడ్డానని చెబితే అబద్ధమని కాదు, అతని మోటారులో మిగులు ఉంది. మీదాంట్లో లేదు. వెనక వాబుల్, ముందు కటౌట్, ఈ రెండిటి మధ్య మిగిలిన దారి సన్ననిది.

ఆ దారి ఇది. ముందు మోకాళ్లు వంచాలి. నిటారు కాలు చక్రం ఊపుని యథాతథంగా నడుముకి చేరవేస్తుంది, వంగిన మోకాలు దాన్ని మధ్యలోనే మింగేస్తుంది. వెంటనే బరువు ఒక కాలి మీదికి మార్చాలి. రెండు పాదాలూ సమానంగా నొక్కుతున్నంతసేపూ ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా ఊపుని పెంచుతూ ఉంటాయి. బరువు ఒకవైపు పడితే ఆ వంతులాట తెగిపోతుంది. కుడి కాలి మీద బరువు వేస్తే బండి కొద్దిగా కుడికి వాలి వంపు తిరుగుతుంది. తిరగనివ్వండి. నిటారుగా నేరుగా పోయే చక్రం వణికినంతగా, వాలి వంపు తిరిగే చక్రం వణకదు. ఆ వంపులోనే, నడుముని మెల్లగా కిందికి దించుతూ వేగం తగ్గనివ్వాలి. చూపు చక్రం మీద కాదు, వెళ్లవలసిన చోటు మీద ఉండాలి. కిందికి చూస్తే తల వంగుతుంది, బరువు ముందుకి జారుతుంది.

రెండు పిక్కలతో పెట్టెని గట్టిగా నొక్కి పట్టేయమని కూడా చెబుతారు. ఏళ్ల తరబడి నడిపినవాళ్లకి అది పనిచేస్తుంది, కాదనడం లేదు. కానీ కొత్తవాడి కాలుకి పట్టడానికీ బిగించడానికీ తేడా తెలియదు. పట్టబోయి తొడల దాకా బిగిస్తాడు. కాబట్టి మొదటి నెలల్లో ఒక పిక్క మాత్రం పెట్టెకి ఆనించడం మేలని మా అభిప్రాయం. పెట్టెకి అంటించే మెత్తని ప్యాడ్లు దొరుకుతాయి. సరిగ్గా పిక్క తగిలేచోట అవి ఉంటే తేడా తెలుస్తుంది.

ఇవన్నీ చదవడానికి అర నిమిషం పడుతుంది. రోడ్డు మీద మీకు దొరికేది అర సెకను. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. ఏం చేయాలని ఆలోచించేలోపు మూడున్నర మీటర్లు పోతారు. కాబట్టి సాధన తప్ప మార్గం లేదు. ఆదివారం పొద్దున్న ఖాళీ బడి మైదానమో, మూసి ఉన్న పార్కింగ్ స్థలమో చూసుకోండి. చెప్పులో, నీళ్ల సీసాలో నాలుగైదడుగులకొకటి వరసగా పెట్టి వాటి మధ్య మెలికలు తిరగండి. 10 కిలోమీటర్ల వేగం చాలు. తర్వాత నేరుగా పోతూ ఒక పాదం మీదికి బరువు మార్చండి, రెండో పాదం మడమ పెడల్ నుంచి తేలిపోయేటంతగా. ఎడమా కుడీ రెండూ చేయండి, ఎందుకంటే అందరికీ ఒక కాలు మొండిగా ఉంటుంది. అదెప్పుడు బయటపడాలి, మైదానంలోనా, ఫ్లైఓవర్ మీదనా? ఆ తర్వాత 15 వేగం నుంచి ఆగడం నేర్చుకోండి. ప్రతిసారీ నడుము కిందికి దిగాలి, మోకాళ్లు వంగాలి, ఒకవైపుకి చిన్న వంపు ఉండాలి. వీపు వెనక్కి పడిపోయి కాళ్లు కర్రల్లా నిలిచాయంటే ఆ బ్రేకు తప్పు బ్రేకు.

పాదాలు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. రెండూ సరిసమానంగా పెట్టడం కంటే ఒకటి కొద్దిగా ముందు, ఒకటి కొద్దిగా వెనక ఉంటే నిలకడ ఎక్కువ. ఎక్కిన మొదటి కొద్ది నిమిషాలూ, దూరం పోయి కాళ్లు అలసిన చివరి నిమిషాలూ వాబుల్‌కి అనువైనవి. మొదట్లో కాళ్లు ఇంకా సాగలేదు, చివర్లో వాటికి ఓపిక లేదు. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే దిగి రెండు నిమిషాలు నడవాలి. పాదాలు సర్దుకోవడం పోతూ పోతూ చేసే పని అసలే కాదు. పరీక్షలకో, వానలకో నెలా రెండు నెలలు బండి పక్కన పెట్టి మళ్లీ ఎక్కినవాళ్లూ కొత్తవాళ్ల లెక్కే.

ఇక టైరు. వాబుల్ గురించి ఎవరైనా సలహా అడిగితే మొదట అడగవలసిన ప్రశ్న, గాలి ఎప్పుడు చూశావని. చూడరు. బద్ధకంతో కాదు, బండి కట్టుబడి అలాంటిది. వాల్వ్ పొట్టిది, రిమ్‌కీ పెట్టెకీ మధ్య ఇరుకులో దాక్కుని ఉంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ అది కనబడే చోట ఆపి, వేళ్లు దూర్చి మూత తీయాలి. పెట్రోల్ బంకులో గాలి కొట్టే గొట్టం మూతి అక్కడికి చేరదు. వంపు తిరిగిన చిన్న ఎక్స్‌టెన్షన్ గొట్టం ఒకటి ఉంటే పని ఐదు నిమిషాల్లో అవుతుంది. అది లేక జనం నెలల తరబడి గాలి లేని టైరు మీద తిరుగుతుంటారు. గాలి తక్కువైతే టైరు నేల మీద పక్కలకి పిసుక్కుపోతుంది, వణుక్కి దారిస్తుంది. మరీ ఎక్కువైతే ప్రతి గులకరాయికీ ఎగిరిపడుతుంది. టైరు గోడ మీద అచ్చువేసిన గరిష్ఠం దాటకుండా, మీ బరువుకి తగ్గట్టు రెండేసి పీఎస్ఐ చొప్పున మార్చి చూసుకోండి. ఒకరికి కుదిరిన అంకె ఇంకొకరికి కుదరదు. ఎప్పుడూ నేరుగా నడిపేవాళ్ల టైరు మధ్యలో అరిగి చదునవుతుంది. అలా చదునైన టైరు వంపు తిరిగేటప్పుడు అంచు మీదికి ఒక్కసారిగా ఒరుగుతుంది. అరిగిందని తెలిశాక మార్చేయడమే. చక్రాన్ని పైకెత్తి పెడళ్లని పట్టుకుని కదిపి చూడండి. కీలు దగ్గర లొడలొడ ఉంటే మరలు బిగించేదాకా ఆ బండి ఎక్కొద్దు.

ఒంటి మీద రక్షణ గురించి ఎక్కువ చెప్పం, తెలియక కాదు మానేసేది. గడ్డం దాకా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు. సైకిల్ హెల్మెట్ నెత్తిని కప్పుతుంది, ఈ బండి మీంచి పడేవాడు ముందుకి పడతాడు, దవడా పళ్లూ దెబ్బ తింటాయి. చెప్పులతో ఎక్కొద్దు. వీపున బరువైన బ్యాగు వేలాడుతుంటే నడుము తేలిగ్గా కదలదు. నెమ్మదిగా ఉన్నప్పుడు పడబోతే పరుగెత్తి తప్పించుకోవచ్చన్న నమ్మకం ఒకటుంది. 15 దగ్గర అది కొంత నిజం. 30 దగ్గర మామూలు మనిషి అంత వేగంగా పరుగెత్తలేడు. ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తిన ఉసేన్ బోల్ట్ గరిష్ఠ వేగమే గంటకు 44 కిలోమీటర్ల చిల్లర, అది కూడా కొద్ది సెకన్లు. పైగా వేగం 15 నుంచి 30కి రెట్టింపైతే దెబ్బ వెనక ఉన్న శక్తి నాలుగు రెట్లవుతుంది.

పడేది మీరొక్కరే కూడా కాదు. మీరు జారిపోయాక పన్నెండు కిలోల పెట్టె పొర్లుకుంటూ పోతుంది. ఫుట్‌పాత్ మీద పిల్లో, కూరగాయల సంచితో వస్తున్న ముసలాయనో దాని దారిలో ఉండొచ్చు. సింగపూర్ 2020 ఏప్రిల్ నుంచి ఈ బళ్లని ఫుట్‌పాత్‌ల మీద నిషేధించింది, సైకిల్ దారుల్లో 25 కిలోమీటర్ల హద్దు పెట్టింది. ఫ్రాన్స్ 2019 అక్టోబరు డిక్రీలోనూ 25 దాటకూడదనే ఉంది, కనీస వయసు 2023లో 14 ఏళ్లకి పెంచారు. బ్రిటన్‌లో ప్రైవేటు స్థలంలో తప్ప నడపడానికి లేదు. ఆ దేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు ఇవి తెలుసుకోవాలి. ఇక్కడి సంగతికొస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేని బ్యాటరీ వాహనమంటే మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ ధ్రువీకరించినది. చిన్న యూనిసైకిళ్ల మోటార్లే మామూలుగా 450 నుంచి 800 వాట్లుంటాయి. కాబట్టి ఇది బొమ్మ, దీనికి ఏ చట్టమూ వర్తించదని అమ్మేవాడు చెబితే నమ్మకండి. బీమా లేని బండితో ఇంకొకరికి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు మీ ఇంటిదే. ఇంకొకటి గుర్తుంచుకోండి, 25 అన్నది చట్టం గీసిన గీత. మీ కాళ్ల గీత అంతకంటే కిందే ఉండొచ్చు. 18 దగ్గరే వణికేవాళ్లున్నారు.

అమ్మేవాళ్లకి సూటిగా ఒక మాట. కొన్ని కంపెనీలు కొత్త బండిని వేగానికి తాళం వేసి పంపుతాయి, యాప్‌లో తీస్తే తప్ప పూర్తి వేగం రాదు. కొనేవాడు సంతోషిస్తాడని కౌంటర్ దగ్గరే ఆ తాళం తీసి ఇవ్వడం మానండి. గాలి చూసి, ఎక్స్‌టెన్షన్ గొట్టం చేతికిచ్చి, వాబుల్ అంటే ఏమిటో చెప్పి పంపండి. ఇది లేకుండా అమ్మితే వస్తువు సగమే అమ్మినట్టు. పుట్టినరోజుకి బండి కొనిచ్చే తల్లిదండ్రులు బండి డబ్బులో కొంత తీసి ముందు హెల్మెట్, గార్డులు కొనాలి. అబ్బాయి మైదానంలో మెలికలు తిరిగి చూపించేదాకా యాప్ పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. అలుగుతాడు, అలగనివ్వండి.

ఇప్పటికే ఒకసారి వాబుల్ వచ్చి, పడకుండా బయటపడ్డవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ఊపిరి పీల్చుకుని, అదృష్టం బాగుందనుకుని అదే వేగంతో పోతారు. వద్దు. వణుకు ఆగిన వెంటనే రోడ్డు పక్కకి వచ్చి దిగండి. కాళ్లలో వణుకు తగ్గేదాకా బండిని నడిపించుకుంటూ పోండి. టైరు వేలితో నొక్కి చూడండి, పెడళ్లు కదిపి చూడండి, ఏ వేగం దగ్గర, ఏం చేస్తుండగా వచ్చిందో గుర్తుంచుకోండి. మిగతా దూరం 15 దాటకుండా పోయి, ఇల్లు చేరాక యాప్ తెరిచి గరిష్ఠ వేగాన్ని ఆ వణుకు వచ్చిన అంకెకి 5 కిలోమీటర్లు కిందికి దించండి. మైదానంలో ఆ తగ్గించిన వేగం దగ్గర ఒంటికాలి బరువుతో వంపు తిరిగి, నడుము దించి ఆగడం రెండు కాళ్లతోనూ తడబడకుండా వచ్చేదాకా దాన్ని పైకి జరపకండి.